బాగుండాది అన్నవాళ్లెవరూ మూత తెరవలేదు

మీరిప్పుడు ఫోనులో ఏది తెప్పించుకున్నా దానికి నక్షత్రాలు ఇస్తారు. మొన్న మా చెల్లెలి కోడలు నా ఎదురుగానే, చల్లారి రాయిలా అయిన ఇడ్లీలకు ఐదు నక్షత్రాలు ఇచ్చేసింది. ఎందుకే అని అడిగితే, "పోనీలే పెద్దత్తా, తెచ్చిన పిల్లోడు బాధపడతాడు" అంది. తిన్నది తను, కడుపు నొప్పి తనది, నక్షత్రాలు మాత్రం వాళ్లవి. "అయితే రేపు కూడా ఇవే వస్తాయి, తిను" అన్నాను. ఆ పిల్లకు కోపం వచ్చింది. రానీ. నా నోటి మీద కోపం తెచ్చుకున్నవాళ్లలో ఆమె మొదటిది కాదు.

నేను ఉద్యోగం చేసిన రోజుల్లో నక్షత్రాలు లేవు. వాటి బదులు ఒకే మాట ఉండేది. బాగుండాది. గుడియాత్తంలో గానీ వేలూరులో గానీ తెలుగు మాట్లాడే ఇళ్లలో పుట్టినవాళ్లకు ఈ మాట ఉగ్గుపాలతో పోస్తారు. పెళ్లిలో సాంబారు మాడిపోతే బాగుండాది. కొత్త ఇంటి గోడ వంకరగా లేస్తే బాగుండాది. మా నాయన ఇళ్లు కట్టే పనిలో ఉండేవాడు కాబట్టి ఆ వంకర గోడల సంగతి నాకు చిన్నప్పుడే తెలుసు. వాటి కింద కాపురం చేసేవాళ్లు కూడా బాగుండాదనే అనేవాళ్లు. ఈ మాట మా షెడ్డును దాదాపు ముంచింది, అందులో ఒక పెద్దమనిషిని దాదాపు గుడ్డివాణ్ణి చేసింది. ఎట్లాగో చెబుతాను.

మాది గుడియాత్తంలో కర్రను లేత్ మీద తిప్పి, ఉలి ఆనించి గుండ్రంగా చెక్కే షెడ్డు. మంచం కాళ్లు, ఉయ్యాల కాళ్లు, అప్పడాల కర్రలు, పప్పుగుత్తులు, పెళ్లిళ్లకు కుంకుమ పెట్టెలు చేసేవాళ్లు. లేత్‌ల దగ్గర మగవాళ్లు. చెక్కిన సరుకును ఉప్పు కాగితంతో రుద్ది నునుపు చేసి, లక్క పట్టించేది ఆడవాళ్లం. నేను ఆ రుద్దే పనితో మొదలుపెట్టి, నోరు ఉండటం వల్ల వేలూరులోని మా యజమాని అంగడికి అమ్మకాలకు వెళ్లాను. యజమాని లెక్క ఏమిటంటే, వాగేదాన్ని ఎక్కడో ఒకచోట వాడుకోవాలి కదా అని. మా అత్తగారు మాత్రం రోజూ సద్ది మూట చేతికిస్తూ "నోరు మంచిదైతే ఊరు మంచిది" అని గుర్తుచేసి పంపేది.

మొదటి లేత్ పెద్దాయనది. అందరూ ఆయన్ను మేస్త్రీ అనేవాళ్లు, నేను పెదనాయనా అని పిలిచేదాన్ని. నేను చేరిన కొత్తలో ఆయన చేసిన కుంకుమ పెట్టె ఒకటి నా చేతికిచ్చి పరీక్ష నేర్పించాడు.

"మూత పట్టుకొని ఎత్తితే పెట్టె గూడా లేవాల పాపా. చిన్నగా ఊపితే అరచేతిలోకి దిగాల. లేవకపోతే వదులు, దిగకపోతే బిగువు. రెండూ పొయ్యిలోకే."

ఆ రోజుల్లో ఆయన పెట్టె ఒక్కటీ పొయ్యిలోకి పోయింది లేదు. గొప్ప పనివాడు. ఆ మాట చెప్పడానికి నాకు ఎవరి దగ్గరా మొహమాటం లేదు.

కానీ మా షెడ్డులో ఆయన పనికంటే ఆయన చేతికే గౌరవం ఎక్కువ. మా వైపు దాన్ని కైరాశి అంటారు. ఒకరి చేయి తగిలితే కలిసొస్తుంది, ఇంకొకరి చేయి తగిలితే ఉన్నది కూడా పోతుంది. కొత్త సరుకు ఏది మొదలుపెట్టినా మొదటి వస్తువు పెద్దాయన చేతి మీదుగానే రావాలి. రెండో లేత్ దగ్గర ఒక ఎడమచేతివాటం మనిషి ఉండేవాడు. మూతలు కుదర్చడంలో ఆయన అప్పటికే పెద్దాయన్ను దాటిపోయాడు. కానీ ఆయన తిప్పిన మొదటి మంచం కాళ్లు వేయించుకున్న పెళ్లికొడుకు ముహూర్తానికి ముందే ఊరు విడిచి పారిపోయాడు. పెళ్లికొడుక్కు వేరే పిల్ల మీద మనసుంది, ఆ సంగతి వీధి కుక్కలకు కూడా తెలుసు. అయినా తప్పు మంచం కాళ్లదే అని తేల్చారు. ఆ తరువాత ఆయన్ను ఏ మొదటి వస్తువూ ముట్టుకోనివ్వలేదు. మా జ్ఞానం అటువంటిది.

దేశం తలుపులు తెరిచారని పేపర్లలో రాసిన రోజులవి. మా షెడ్డు వరకు ఆ తలుపు గుండా ముందు వచ్చింది ప్లాస్టిక్ కుర్చీ. దాని వెనకాలే ఇనుప మడత మంచం వచ్చింది. మంచం కాళ్లకు అడిగేవాళ్లు లేకుండా పోయారు. ఒకరోజు యజమాని అందరినీ పిలిచి, మద్రాసులో ఒక ఎగుమతి కంపెనీతో మాట్లాడానని చెప్పాడు. పూలు పెట్టుకునే కూజాలు, మూత పెట్టెలు వాళ్లకు కావాలట. నమూనాలు నచ్చితే ఆర్డరు.

"నచ్చకపోతే ఈ షెడ్డు కుర్చీలోళ్లకు గోడౌనుకు ఇచ్చేస్తా. నేను గూడా ఇల్లు గడుపుకోవాల కదప్పా," అన్నాడు.

అంతకంటే విడమరచి చెప్పనక్కర్లేదు. లేత్‌లు తిరగాలంటే ఆ కూజాలూ పెట్టెలూ మద్రాసువాళ్లకు నచ్చాలి. నచ్చకపోతే మేమందరం బీడీలు చుట్టుకోవాలి.

ఇక్కడ యజమాని బామ్మర్ది గురించి చెప్పాలి. ఆయన మద్రాసులో ఏదో ఎగుమతుల మీటింగుకు వెళ్లి భోజనం చేసి, ఒక కొత్త మాట నేర్చుకొని వచ్చాడు. ఫీడ్‌బ్యాక్. ఆ మాటను ఆయన నోట్లో లవంగం పెట్టుకున్నట్టు పెట్టుకొని తిరిగాడు. నమూనాలు మద్రాసువాళ్లకు చూపించే ముందు వేలూరు అంగడిలో పెట్టి, వచ్చినవాళ్ల ఫీడ్‌బ్యాక్ తీసుకోవాలన్నాడు. ఆలోచన మంచిదే. చేసిన తీరు చూడండి.

పెద్దాయన చేతి మీదుగా వచ్చిన కూజాలు, పెట్టెలు బల్ల మీద పరిచి, బామ్మర్ది గారు పక్కన నిలబడేవాడు. ఎవరైనా లోపలికి రాగానే కాఫీ తెప్పించి, మొహమంతా నవ్వు చేసుకొని, "మా మేస్త్రీ చేసినాడు, పెద్దాయన, మంచి రాశి చెయ్యి. బాగుండాది కదా?" అని అడిగేవాడు. కాఫీ తాగుతూ బాగాలేదనే మనిషి వేలూరు చుట్టుపక్కల పుట్టలేదు.

బాగాయం నుంచి ఒక ప్రొఫెసరుగారి భార్య వచ్చింది. కూజాను రెండు వేళ్లతో పట్టుకొని, దించి, బాగుండాది అంది. ఒక బ్యాంకు మేనేజరు కూజాను తలకిందులు చేసి అడుగు చూసి, ఎందుకు చూశాడో తెలియకుండానే మళ్లీ నిలబెట్టి, బాగుండాది అన్నాడు. విరించిపురం గుడి దగ్గర అంగడి ఉన్న శెట్టిగారు పెట్టెను కళ్లకద్దుకున్నాడు. లోపల ప్రసాదం ఉందనుకున్నాడేమో తెలియదు. మోర్ధానా వైపు నుంచి చెరుకు సాగు చేసే రైతు ఒకాయన వచ్చాడు. కూజాను చేత్తో తూచి చూసి, "ఇదేందమ్మా, రోకలికి పొన్ను వెయ్యడం మర్చిపోయినారా?" అన్నాడు. పూలు పెట్టుకోవడానికి అని చెప్పాను. "పూలు తల్లో పెట్టుకుంటారు, దేవునికి పెడతారు. కొయ్యకు ఎందుకు పెడతారు?" అన్నాడు. అన్ని రోజుల్లోనూ ఆ బల్ల మీది సరుకు గురించి ఆలోచించిన మనిషి ఆయన ఒక్కడే. చివరికి ఆయన కూడా కాఫీ తాగేసి బాగుండాది అని వెళ్లాడు.

బామ్మర్ది గారు సంబరపడిపోయాడు. "చూసినావా, అందరూ ఒకే మాట. ఇంక ఆర్డరు మన జేబులో ఉండాది," అన్నాడు.

"ఒక్కరు గూడా మూత తెరవలేదు కదన్నా?" అన్నాను.

"తెరవకుండానే బాగుండాది అన్నారంటే ఎంత బాగుండాదో చూడు."

ఇటువంటి మనిషికి ఏం చెప్పాలో మీకు తెలిస్తే నాకు రాయండి.

ఎందుకంటే నేను మూత తెరిచాను. ఒకటి కాదు, అన్నీ తెరిచాను. ఏ పెట్టె మూత పట్టుకొని ఎత్తినా మూత ఒక్కటే చేతిలోకి వచ్చింది, పెట్టె బల్ల మీదే కూర్చుంది. కొన్ని మూతలు పెట్టి వేలితో తాకితే పాలపళ్లలా కదిలాయి. కూజాల అడుగు సన్నం, పైన బరువు. ఫ్యాను గాలికే తూలేవి. ఇది పెద్దాయన పనేనా అని నాకు నమ్మకం కుదరలేదు. అంగడి సెలవు రోజున షెడ్డుకు వెళ్లి, రెండో లేత్ ఆయన్ను పక్కకు పిలిచి అడిగాను.

ఆయన ఉలి తుడిచి పక్కన పెట్టాడు. తరువాత, "అందరికీ తెలుసమ్మా. ఉయ్యాల కాళ్లు చేసే కాలంనించీ మేస్త్రీ పని అట్లే ఉండాది. మేస్త్రీ ఇంటికి పోయినాక మేమే కొంచెం కొంచెం సరిచేస్తా వచ్చినాం. మూతలు సరిచెయ్యడానికి కుదరదు, కొయ్య తగ్గిపోయినాక యాడనించి తెచ్చేది?" అన్నాడు.

"మరి ఆయనకు చెప్పొచ్చు కదా?"

"ఎవురు చెప్పేది? నా చెయ్యి ముందే దరిద్రపు చెయ్యి. నేను చెప్తే ఆయన జాగా కోసం చెప్తాండాననుకుంటారు. నాకు వద్దు తల్లీ."

యజమాని దగ్గరకు వెళ్లాను. నమూనాలు రెండో లేత్ మీద మళ్లీ చేయించమని, ఈ మూతలు కుదరలేదని చెప్పాను. ఆయన లేచి తలుపు దగ్గరగా వేసి, "మెల్లగా మాట్లాడు. మేస్త్రీకి వినపడితే మనసు కష్టపెట్టుకుంటాడు. మొదటి సరుకు రాశి చెయ్యి మీదుగానే పోవాల. మూత సంగతి దేవుడు చూసుకుంటాడులే," అన్నాడు. దేవుడికి అన్ని పనుల మధ్య మా మూతలు కూడా అప్పజెప్పి ఆయన నిశ్చింతగా కూర్చున్నాడు.

మద్రాసు కంపెనీ కొనుగోలు అధికారి వేలూరు అంగడికే వస్తానన్నాడు. ఆ రోజు అంగడి గడపకు పసుపు రాసి, మామిడాకులు కట్టారు. పెద్దాయనకు కొత్త చొక్కా తొడిగించి, శాలువా కప్పి, కొయ్య కుర్చీలో కూర్చోబెట్టారు. రెండో లేత్ ఆయన్ను గుడియాత్తంలోనే ఉండమన్నారు. ఆయన నీడ కూడా అంగడి మీద పడకూడదని. అధికారికి వేయడానికి బామ్మర్ది గారు పక్కంగడి నుంచి కొత్త ప్లాస్టిక్ కుర్చీ అడిగి తెచ్చాడు. కొయ్య సరుకు కొనడానికి వచ్చినవాణ్ణి మా పొట్ట కొట్టిన కుర్చీలో కూర్చోబెట్టామని ఒక్కరికీ తోచలేదు.

అధికారి మంచి మనిషిలా కనిపించాడు. తెల్ల చొక్కా, మెత్తటి మాట, అంతా తమిళమే. ముందు పెద్దాయనకు నమస్కారం పెట్టాడు. తరువాత కూజా ఒకటి తీసుకొని చూసి, "రొంబ నల్లా ఇరుక్కు" అన్నాడు. మన బాగుండాదికి తమిళం అది. ఇంకొకటి తీశాడు. "నల్లా ఇరుక్కు." పెట్టె మూత తీసి, మళ్లీ పెట్టి, ఒక్క క్షణం ఆగి, పెద్దాయన వైపు చూసి, "రొంబ నల్లా ఇరుక్కు" అన్నాడు. బామ్మర్ది గారి మొహం దీపావళి అయింది. యజమాని దేవుడి పటం వైపు చూసి దండం పెట్టుకున్నాడు.

నాకు మాత్రం ఆర్డరు పోయిందని తెలిసిపోయింది. అంగడిలో నిలబడి అమ్మినదాన్ని. కొనేవాడు ఎట్లా మాట్లాడతాడో నాకు తెలుసు. కొనేవాడు పేచీ పెడతాడు. రంగు వెలిసిందంటాడు, అంచు గరుకంటాడు, పక్కంగడిలో ఇంతకన్నా మేలైనది ఉందంటాడు. ఎన్ని వంకలు పెడితే అంతగా మనసు పడ్డాడన్నమాట. బాగుందని మెచ్చుకొని వస్తువును మెల్లగా బల్ల మీద పెట్టేవాడు గడప దాటితే మళ్లీ రాడు. ఈయన మూడు వస్తువులు చూసి మూడింటినీ మెచ్చుకొని మూడింటినీ మెల్లగా దించాడు. మద్రాసు చేరాక తీయగా ఒక జాబు రాస్తాడు, అంతటితో సరి. షెడ్డులో కుర్చీలు వచ్చి కూర్చుంటాయి.

ఆయన చేతులు తుడుచుకొని లేవబోతున్నాడు. నేను ముందుకు వెళ్లి తమిళంలోనే అడిగాను. "సార్, మీరు కొనేటట్టు లేరు కదా?"

బామ్మర్ది గారు నా చేయి పట్టుకొని లాగబోయాడు. అధికారి తడబడి, "ఎందుకమ్మా అట్లా అంటావు? అన్నీ బాగున్నాయనే చెప్పాను కదా," అన్నాడు.

"అందుకే అడుగుతున్నాను. కొనేవాళ్లు అన్నీ బాగున్నాయని అనరు."

బల్ల మీది పెట్టెను మూత పట్టుకొని ఎత్తాను. మూత చేతిలోకి వచ్చింది. పెట్టె కదల్లేదు. రెండోది ఎత్తాను, మూడోది ఎత్తాను. ఎవరూ కిక్కురుమనలేదు. తరువాత నా సంచిలో నుంచి సూదులూ గుండీలూ దాచుకునే పెట్టె తీశాను. రెండో లేత్ ఆయన మిగిలిపోయిన టేకు ముక్కతో చేసి ఇచ్చింది అది. మూత పట్టుకొని ఎత్తితే పెట్టె లేచింది. ఊపితే అరచేతిలోకి దిగింది.

"ఇది కూడా మా షెడ్డులోదే సార్. ఇట్లాంటివి చేసే చెయ్యి మాకుంది. ఇప్పుడు చెప్పండి, ఏది బాగాలేదో."

అధికారి మళ్లీ కూర్చున్నాడు. శాలువా వైపు ఒకసారి చూసి, "పెద్దవారి ముందు ఎందుకని..." అని నసిగాడు. ఆ తరువాత మొదలుపెట్టాడు చూడండి. మూతలు వదులు. కూజాలకు అడుగు చాలదు. లక్క మెరుపు మరీ ఎక్కువ, వాళ్ల దేశాల్లో అంత మెరిస్తే ప్లాస్టిక్ అనుకుంటారు. కూజా నోరు ఇరుకు. మాట్లాడేకొద్దీ ఆయన గొంతు పెద్దదయింది. నా సూదుల పెట్టెను తెరుస్తూ మూస్తూ, ఇట్లాంటివి ఎన్ని చేయగలరు, ఎప్పటిలోగా అని అడిగాడు. అప్పుడు నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇది కొనేవాడి గొంతు.

అటు తిరిగి చూస్తే పెద్దాయన లేచి నిలబడి ఉన్నాడు. శాలువా మడిచి కుర్చీ మీద పెట్టి, ఎవరితోనూ మాట్లాడకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు. నాకు దుఃఖం వచ్చింది. ఆయన నేర్పిన పరీక్షతోనే ఆయన్ను పదిమందిలో తక్కువ చేశాను. దుఃఖం వచ్చింది గానీ, చేసినది తప్పని నాకు ఆ రోజూ అనిపించలేదు, ఈ రోజూ అనిపించడం లేదు. అన్ని ఏళ్లలో ఏ ఒక్కరైనా చాటుగా చెప్పి ఉంటే, నేను పదిమందిలో చెప్పాల్సి వచ్చేది కాదు. ఆ సాయంత్రం గుడియాత్తం బస్సులో ఆయన డ్రైవరు వెనక సీటులో కూర్చున్నాడు. దిగేదాకా తల తిప్పలేదు.

షెడ్డులో నన్ను వెలివేసినంత పని చేశారు. నాతో పాటు ఉప్పు కాగితం రుద్దిన ఆడవాళ్లు కూడా, "ఎంత పెద్దమనిషి, ఆయన ముందరా ఆ మాట?" అని ముక్కున వేలేసుకున్నారు. వీళ్లే ఆయన వెనకాల ఆయన ఉయ్యాల కాళ్లను సరిచేసినవాళ్లు. "ఫీడ్‌బ్యాక్ అంటే ఇట్ట ఇస్తారా?" అని బామ్మర్ది గారు నాకు పాఠం చెప్పాడు. ఉన్న మాటంటే ఉలుకెక్కువ అని ఊరికే అనలేదు.

ఆర్డరు వచ్చింది. అడుగు వెడల్పు చేయాలని, మెరుపు తగ్గించాలని, మూతలు నా సూదుల పెట్టెలాగే ఉండాలని చెప్పి పంపారు. యజమాని షెడ్డులో మొదటి లేత్ ముందు కొబ్బరికాయ కొట్టి, అందరికీ మైసూరుపాకు పంచి ఏమన్నాడో తెలుసా? "చూసినారా, రాశి చెయ్యి ఊరికే పోతాదా!" అన్నాడు. అందరూ తలలూపారు. నా వంతు మైసూరుపాకు ముక్క కొంచెం చిన్నదిగా వచ్చింది. తిన్నాను, బాగాలేదు, ఆ మాట కూడా చెప్పాను.

పెద్దాయన ఆ కొబ్బరికాయకు రాలేదు. షెడ్డుకు రావడమే మానేశాడు. ఒక మధ్యాహ్నం వేలూరు అంగడి మెట్ల మీద ఆయన కనిపించాడు. మెట్టును కాలితో తడుముకుంటూ ఎక్కడం చూసి నాకు అనుమానం వచ్చింది. లోపలికి వచ్చి, నేను కుర్చీ వేసినా కూర్చోకుండా, బల్ల పట్టుకొని నిలబడ్డాడు.

"ఆ పొద్దు నువ్వు మూత పట్టుకొని ఎత్తినావు కదా పాపా. పెట్టె లేచిందా లేదా నాకు కనపడలేదు. అందరూ గమ్మునైపోయినారు. దాన్నిబట్టి తెలిసింది, లేవలేదని."



"ఎన్నాళ్లుగా పెదనాయనా?"

"పొగమంచు మాదిరిగా ఉండాది, రొంబ నాళ్లయింది. షెడ్డులో బల్బు మబ్బుగా ఉండాదనుకున్న్యా. ఉలి ఆనిస్తే చేతికి తెలుస్తాదిలే అనుకున్న్యా. చేసింది ఎవురికి చూపించినా బాగుండాది అంటా ఉండారు. బాగుండాది అంటే, కళ్లు గూడా బాగుండాయనే కదా నేను అనుకునేది?"

మళ్లీ ఆయనే అన్నాడు. "ఆసుపత్రికి పోవాల. ఇంట్లో అడిగితే నీ కళ్లకేమి నాయనా, గద్ద కళ్లు అంటారు. నువ్వు తోడు రా."

మరుసటి రోజే తీసుకెళ్లాను. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరిపోయాయని, ఇంకా ఆలస్యం చేసి ఉంటే కష్టమయ్యేదని డాక్టరు తిట్టాడు. ఆ డాక్టరు నాకు నచ్చాడు. రోగిని చూసి బాగుందనని మనిషి కనిపించడం ఒక భాగ్యం. ఆపరేషన్లు అయ్యాయి. సోడాబుడ్డి అద్దాలతో పెద్దాయన షెడ్డుకు తిరిగి వచ్చాడు. ఈలోగా ఆర్డరు సరుకంతా రెండో లేత్ మీదికి మారింది. పెద్దాయన మొదటి కొయ్యకు ఉలి ఆనించి ఇచ్చేవాడు, తక్కినదంతా ఎడమచేతి ఆయన పూర్తిచేసేవాడు. రాశికి రాశీ దక్కింది, మూతకు మూతా కుదిరింది. ఇంత తేలిక ఏర్పాటు ముందు ఎందుకు తోచలేదని మీరు అడగవచ్చు. మాకు తోచేవి వేరే ఉంటాయి.

కానీ పెద్దాయనకు అది చాలలేదు. మిగిలిన ముక్కలతో తన లేత్ మీద పెట్టెలు చేయడం మొదలుపెట్టాడు. చేసిన ప్రతి పెట్టెనూ షెడ్డంతా చూసేది, షెడ్డంతా బాగుండాది అనేది. ఆయన ఎవరికీ బదులు చెప్పేవాడు కాదు. పెట్టెను తువ్వాలులో చుట్టుకొని, బస్సెక్కి వేలూరు వచ్చి, నా ముందు బల్ల మీద పెట్టేవాడు.

"చెప్పు."

"వదులు పెదనాయనా."

"సరే."

తిరిగి బస్సెక్కేవాడు. మళ్లీ వచ్చేవాడు. ఈసారి బిగువు. ఇంకోసారి అంచు చితికింది. ఇంకోసారి మూత ఒకవైపుకే కుదిరింది, తిప్పితే కుదరలేదు. నేను ఒక్కటీ దాచలేదు. అంగడిలో మిగతావాళ్లు నన్ను తిట్టుకున్నారు. ముసలాయన్ను ఇట్లా బస్సుల్లో తిప్పి ఏడిపించకపోతే ఒక్కసారి బాగుండాదని అంటే నీ సొమ్మేం పోతుందని అడిగారు. ఆయన దేనికి వస్తున్నాడో వాళ్లకు అర్థం కాలేదు. బాగుండాదనేవాళ్లు కావాలంటే ఆయనకు గుడియాత్తం నిండా ఉన్నారు.

ఒకరోజు పాలకొడిసె కర్రతో చేసిన తెల్లటి పెట్టె తెచ్చాడు. మూత పట్టుకొని ఎత్తాను. పెట్టె లేచింది. కొంచెం ఊపాను. అరచేతిలోకి దిగింది, గాలి వదిలిన చిన్న చప్పుడుతో. మూత తిప్పి పెట్టి ఎత్తాను, మళ్లీ లేచింది. ఎటు తిప్పినా లేచింది. నేను చేరిన కొత్తలో ఆయన నా చేతికిచ్చిన కుంకుమ పెట్టె ఇట్లాగే ఉండేది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"బాగుండాది పెదనాయనా," అన్నాను.

ఆయన మొహం చిన్నబోయింది. పెట్టె కోసం చేయి చాపాడు.

"నీకు గూడా నా మీద జాలి వచ్చేసిందా పాపా? ఇంక నేనెవర్ని అడిగేది?"

నిజమని చెప్పాను. ఎత్తి చూపించాను, ఊపి చూపించాను. ఆయన చూశాడు గానీ నమ్మలేదు. అన్నేళ్లు అందరి నోట్లో నాని చచ్చిన మాట అది. నా నోట్లో నుంచి వచ్చినంత మాత్రాన ప్రాణం వస్తుందా? ఆయన తువ్వాలు పరిచి పెట్టెను చుట్టుకుంటున్నాడు. ఈ గడప దాటితే మళ్లీ రాడని నాకు తెలిసిపోయింది.

"ఉండు పెదనాయనా," అని పెట్టె లాక్కొని తిరగేశాను. అడుగు అద్దంలా ఉంది. దాని మీద వేలు రాసి, మొహం చిట్లించి, "మూత కుదిరింది, నేను కాదనను. అడుగు గరుగ్గా ఉండాది. ఇట్లనా వదిలేసేది? బల్ల మీద పెడితే గీతలు పడవా?" అన్నాను.

ఆయన చేయి ఆగింది. "అడుగా?"

"చూడు, నీకే తెలుస్తాది."

ఆయన వేలితో రాసి చూశాడు. తల ఒకవైపు వంచి ఇంకోసారి రాశాడు. "అవును సుమా," అన్నాడు. మొహమంతా వెలిగింది. "మూత మాత్రం కుదిరింది అంటావు."

"మూతకు వంక లేదు."

ఇప్పుడు నమ్మాడు. అంగడి మెట్ల మీదే కూర్చొని, నా దగ్గర ఉప్పు కాగితం అడిగి తీసుకొని, బస్సు వేళ దాటిపోయేదాకా ఆ అడుగును రుద్దాడు. రుద్దుతూ మధ్యమధ్యలో మూత పట్టుకొని ఎత్తి, ఊపి, అరచేతిలోకి దింపుకొని నవ్వుకున్నాడు. లేచి వెళ్లేటప్పుడు పెట్టె నాకే ఇచ్చేశాడు. నా జీవితంలో లేని వంక పెట్టింది ఆ ఒక్కసారే.

తరువాత పెద్దాయన పోయాడు. ఇంకొన్నాళ్లకు ఆర్డర్లు ఆగిపోయి, ఆ షెడ్డులోకి ప్లాస్టిక్ కుర్చీలే వచ్చాయి. పెట్టె మాత్రం మా ఇంట్లో ముందు గదిలో, బల్ల మీద ఉంది. మూత ఇప్పటికీ పట్టి, వదులుతుంది. అవసరం లేని చోట అంతగా రుద్దాడు కాబట్టి అడుగు కొంచెం గుండ్రమై, ముట్టుకుంటే పెట్టె అటూ ఇటూ ఊగుతుంది. ఇంటికి వచ్చినవాళ్లందరూ దాన్ని చూసి బాగుండాది అంటారు. ఊగుతోందని ఇంతవరకు ఒక్కరూ అనలేదు. అన్న మనిషి వచ్చిన రోజున పెట్టె వాళ్లకే ఇచ్చేద్దామని ఉన్నాను.